డార్క్ చాక్లెట్‌లో పాలెందుకు?

లండన్‌లోనో లెస్టర్‌లోనో ఏ టెస్కో సూపర్‌మార్కెట్‌లోకి అడుగుపెట్టినా, అక్కడివాళ్లు క్రిస్ప్స్ అని పిలిచే చిప్స్ వరసలో 'ప్రాన్ కాక్‌టెయిల్' ప్యాకెట్లు కనిపిస్తాయి. పేరు చూస్తే రొయ్యల వంటకం. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదివితే చాలా బ్రాండ్లలో రొయ్య ఊసే ఉండదు. బంగాళాదుంప, నూనె, చక్కెర, టమాటా పొడి, పులుపు కోసం ఏదో ఒక ఆమ్లం. రెండు వరసలు దాటి చాక్లెట్ల దగ్గరికి వస్తే వ్యవహారం తలకిందులవుతుంది. చేదుగా, నల్లగా, కోకో తప్ప మరేమీ లేదనిపించే డార్క్ చాక్లెట్ వెనక 'మిల్క్' అని లావు అక్షరాల్లో ఉంటుంది.

మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, తేనె కూడా మానేసిన వేగన్‌లకు ప్యాకెట్ ముందువైపు బొమ్మ, పేరు పెద్దగా పనికిరావు. అలాగని వందల పదార్థాల పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు. జంతువుల నుంచి వచ్చే ప్రతి పదార్థమూ ప్యాకెట్‌లోకి ఏదో ఒక పని మీదే వస్తుంది. ఒకటి మెత్తదనం కోసం, ఒకటి మెరుపు కోసం, ఒకటి సాగుడు కోసం. ఆ పని ఏమిటో తెలిస్తే ఆ పదార్థం ఎక్కడ ఉండబోతోందో ముందే ఊహించవచ్చు.

పుట్టుకతో శాకాహారి

కోకో చెట్టు గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి నూరితే వచ్చే ముద్దను కోకో మాస్ అంటారు. అందులో సగానికి సగం కొవ్వే. దాన్ని పిండి వేరుచేస్తే కోకో బటర్. ఇది గింజలోని కొవ్వు, పశువుల పాలతో దీనికి సంబంధం లేదు. ఈ రెండింటికీ చక్కెర చేరిస్తే చాక్లెట్ సిద్ధం. 1847లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో ఫ్రై కంపెనీ అచ్చుల్లో పోసి అమ్మిన తొలి చాక్లెట్ బార్ ఇలాంటిదే.

పాలు ఆ తర్వాత చేరాయి. 1875లో స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో డేనియల్ పీటర్ పాల చాక్లెట్ తయారు చేశాడు. పాలలో ఎక్కువ భాగం నీళ్లు, కోకోలో ఎక్కువ భాగం కొవ్వు. రెండూ కలవవు, కలిపినా బార్ నిలవ ఉండదు. ముందుగా నీటిని ఇగిర్చిన పాలను వాడటంతో చిక్కు వీడింది. బ్రిటన్‌లో క్యాడ్‌బరీ 1905లో డెయిరీ మిల్క్ తెచ్చింది. పాలూ చక్కెరా మరిగించి చిక్కబరిచి, కోకో మాస్ కలిపి ఎండబెట్టే పద్ధతి అక్కడ స్థిరపడింది. ఆ వేడిలో పాల ప్రోటీన్లు, చక్కెరలు కలిసి మయార్ చర్య అనే రసాయన మార్పుకు లోనవుతాయి. బ్రిటిష్ పాల చాక్లెట్‌కు ఉన్న ఆ కాగిన కమ్మదనం అక్కడ పుట్టిందే.

2003 నాటి ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం చాక్లెట్ అని పిలవాలంటే కనీసం 35 శాతం కోకో ఘనపదార్థాలు ఉండాలి. పాల చాక్లెట్‌లో 25 శాతం కోకో, 14 శాతం పాల ఘనపదార్థాలు తప్పనిసరి. పాలు దండిగా పడే బ్రిటిష్ అలవాటు కోసం చెరి 20 శాతంతో మరో తరగతి కూడా ఉంది. కోకో బటర్ కాకుండా వేరే కొవ్వులు 5 శాతం వరకు కలపవచ్చు. ఆ జాబితాలో పామ్, షియా వంటి ఆరు మొక్కల కొవ్వులే ఉన్నాయి. మామిడి టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వు కూడా వాటిలో ఒకటి. జంతువుల కొవ్వు చాక్లెట్‌లో కలపడం నిషేధం, ఒక్క పాల కొవ్వుకు మాత్రం మినహాయింపు. అంటే డార్క్ చాక్లెట్‌లో కోకో ఎంత ఉండాలో చట్టం చెబుతుంది కానీ పాలు ఉండకూడదని ఎక్కడా చెప్పదు.

పాల కొవ్వు చేసే పని

కోకో బటర్ గది వేడిమిలో గట్టిగా ఉండి, నోట్లో పడగానే కరిగిపోతుంది. అందులోని కొవ్వు అణువుల్లో మూడు నాలుగు రకాలదే పైచెయ్యి. ఒకే పోలిక ఉన్న అణువులు కావడంతో అవి చక్కగా వరసలు కట్టి స్ఫటికాలవుతాయి. కానీ అవి ఒకే విధంగా పేర్చుకోవు, ఆరు రకాలుగా పేర్చుకోగలవు. కాచిన నెయ్యి త్వరగా చల్లబడితే ఒకలా, నిదానంగా చల్లబడితే పూసకట్టి ఇంకోలా పేరుకుంటుంది కదా, ఇక్కడా అదే తీరు. ఈ ఆరింటిలో అయిదో రూపం చాక్లెట్‌కు కావలసింది. దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, నిగనిగలాడుతుంది, విరిస్తే టక్కుమంటుంది. కరిగిన చాక్లెట్‌ను వేడి, చలువ మార్చిమార్చి కలిపే టెంపరింగ్ ప్రక్రియ ఈ రూపం కోసమే.

నెలల తరబడి అరలో ఉంటే అయిదో రూపం మెల్లగా ఆరో రూపంలోకి జారుతుంది. అప్పుడు చాక్లెట్ పైన తెల్లని బూజులాంటి పొర కనిపిస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కొవ్వు. తిన్నా ప్రమాదం లేదు, కాకపోతే కొనేవాడు వెనక్కి తెచ్చిస్తాడు. పాల కొవ్వులో వందల రకాల కొవ్వు అణువులు ఉంటాయి. కొద్దిగా కలిపితే అవి కోకో బటర్ వరసల మధ్య దూరి ఆ మార్పును ఆలస్యం చేస్తాయి. బార్ కాస్త మెత్తబడుతుంది, చేదూ తగ్గినట్టు అనిపిస్తుంది. డార్క్ చాక్లెట్ జాబితాలో బటర్ ఆయిల్, మిల్క్ ఫ్యాట్ కనిపించడానికి ఇదే కారణం.

కాబట్టి ముందువైపు రాసిన 70 శాతం అంకె పాల గురించి ఏమీ చెప్పదు. ఒకే కంపెనీ సాదా 70 శాతం బార్‌లో కోకో మాస్, చక్కెర, కోకో బటర్, వెనిల్లా తప్ప మరేమీ లేకపోవచ్చు. పక్కనే ఉన్న నారింజ రుచి బార్‌లోనో ఉప్పు చల్లిన బార్‌లోనో పాల కొవ్వు ఉండవచ్చు. రుచులు, పూరకాలు పెరిగేకొద్దీ పాలు ఉండే అవకాశమూ పెరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు.

పాలు లేని 'పాల' చాక్లెట్

చేదు వద్దు, పాల చాక్లెట్ మెత్తదనమే కావాలి, పాలు మాత్రం ఉండకూడదు అంటే తయారీదారుకు రెండు సమస్యలు ఎదురవుతాయి. పాలపొడి ఇచ్చే బరువును, కమ్మదనాన్ని వేరేదానితో భర్తీ చెయ్యాలి. నాలుకకు గరుకు తగలకుండానూ చూడాలి. చాక్లెట్ రేణువులు 20–30 మైక్రాన్ల కంటే పెద్దవైతే నోటికి ఇసుకలా తెలుస్తాయి.

ఈ లెక్కను ఒక్కో కంపెనీ ఒక్కోలా చేసింది. డెవన్ ప్రాంతానికి చెందిన మూ ఫ్రీ 2010 నుంచి బియ్యప్పొడిని వాడుతోంది. 2019లో గెలాక్సీ వేగన్ బార్లు హేజెల్‌నట్ ముద్దతో వచ్చాయి. 2021లో క్యాడ్‌బరీ ప్లాంట్ బార్ బాదం ముద్దతో, అదే ఏడాది నెస్లే వేగన్ కిట్‌క్యాట్ బియ్యం ఆధారంగా వచ్చాయి. గింజల ముద్ద వాడితే రుచి బాగుంటుంది కానీ వాటి నూనె గది వేడిమిలో ద్రవంగా ఉంటుంది కాబట్టి బార్ మెత్తబడుతుంది. బియ్యప్పొడి అలా మెత్తబరచదు, కాకపోతే సుద్ద తిన్నట్టు అనిపించే ప్రమాదం ఉంది.

ముద్ద పలచగా జారి అచ్చుల్లో సాఫీగా పరుచుకోవడానికి ఎమల్సిఫైయర్లు కలుపుతారు. ఈ-322 అని రాసే లెసిథిన్ చాక్లెట్లలో ఎక్కువగా సోయా లేదా పొద్దుతిరుగుడు నుంచి వస్తుంది. ఈ-476 ఆముదం నుంచి తయారవుతుంది. మన పాలమూరు, నల్లగొండ మెట్ట పొలాల్లో పండే ఆముదమే. ఈ రెండూ సాధారణంగా వేగన్‌లకు అభ్యంతరం లేనివి. ఈ-471 మాత్రం మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. అంకె ఆ తేడా చెప్పదు, వేగన్ గుర్తు లేకపోతే కంపెనీని అడగాల్సిందే.

ఈ బార్లపై 'వేగన్ మిల్క్ చాక్లెట్' అనే పేరు కనిపించదు. పాలు, వెన్న, జున్ను లాంటి పేర్లను చట్టం పాడి ఉత్పత్తులకే కేటాయించింది. అందుకే 'స్మూత్' అనో 'మిల్క్ చాక్లెట్‌కు ప్రత్యామ్నాయం' అనో రాస్తారు.

మెరుపు, సాగుడు, ఎరుపు, నురగ

చాక్లెట్ పూత వేసిన కిస్‌మిస్‌లు, గుండ్రని రంగు మిఠాయిలు వేళ్లకు అంటకుండా మెరుస్తున్నాయంటే వాటిపై పలచని పూత ఉందన్నమాట. జాబితాలో అది 'గ్లేజింగ్ ఏజెంట్' పేరుతో ఉంటుంది. ఈ-901 తేనెటీగల మైనం. ఈ-903 కర్నూబా మైనం, బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. ఈ-904 షెలాక్, అంటే శుద్ధి చేసిన లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల రసం పీల్చే చిన్న పురుగులు కొమ్మల చుట్టూ కట్టే గూడే లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో దీన్ని సేకరిస్తారు, ప్రపంచ ఉత్పత్తిలో భారత్‌ది పెద్ద వాటా. ఏటికొప్పాక బొమ్మల నునుపుకూ హైదరాబాద్ లాడ్ బజార్ గాజులకూ వాడేది ఈ లక్కనే. మూడింటిలో వేగన్‌లకు పనికొచ్చేది కర్నూబా ఒక్కటే.

సాగే మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. పంది చర్మం, పశువుల తోళ్లు, ఎముకల్లోని కొలాజెన్ అనే ప్రోటీన్‌ను వేడినీటిలో విడదీస్తే వచ్చేది ఇదే. చల్లబడితే వల అల్లుకుని గడ్డకడుతుంది, ఒంటి వేడిమికి కరుగుతుంది. బదులుగా వాడే పెక్టిన్ నిమ్మజాతి తొక్కలు, ఆపిల్ పిప్పి నుంచి వస్తుంది. అది గడ్డకట్టాలంటే బాగా చక్కెర, తగినంత పులుపు కావాలి. అందుకే పెక్టిన్ మిఠాయిలు పుల్లగా ఉంటాయి, సాగకుండా పుటుక్కున తెగుతాయి. కొరకగానే రబ్బరులా వెనక్కి లాగితే మాత్రం జెలటిన్‌ను అనుమానించాలి. పిండిపదార్థంతోనూ సాగుడు తెప్పించవచ్చు కాబట్టి జాబితా చూసి తేల్చుకోవాలి. మార్క్స్ అండ్ స్పెన్సర్ తన పేరుమోసిన పెర్సీ పిగ్ మిఠాయిల నుంచి 2019లో జెలటిన్ తీసేసింది.

ఎరుపు, గులాబీ రంగులకు కొన్నిట్లో ఈ-120 వాడతారు. దీన్నే కార్మైన్ అంటారు. నాగజెముడు జాతి మొక్కలపై బతికే కోచినీల్ పురుగులను ఎండబెట్టి ఆ రంగు తీస్తారు. వేడికీ వెలుతురుకీ తట్టుకుంటుంది కాబట్టి దానికి గిరాకీ. బీట్‌రూట్ రంగు మొక్కదే కానీ వేడికి త్వరగా వెలిసిపోతుంది. ఇక నురగలా తేలికగా ఉండే నూగా, మార్ష్‌మాలో వంటివాటిలో, కొన్ని క్రీమ్ పూరకాల్లో గాలిని పట్టి ఉంచేది గుడ్డు తెల్లసొన లేదా జెలటిన్. చక్కెర గురించి మాత్రం బ్రిటన్‌లో బెంగ అక్కర్లేదు. కొన్ని దేశాల్లో చెరకు పంచదారను తెల్లబరచడానికి వాడే ఎముకల బొగ్గు అక్కడి ప్రధాన కంపెనీల తయారీలో లేదు.

ఉప్పు, వెనిగర్, మరి పాలు?

చిప్స్ మీద చల్లే మసాలా పొడిలో అసలు రుచినిచ్చేవి చాలా కొద్ది మోతాదులో ఉంటాయి. వాటిని ప్రతి చిప్ మీదా సమంగా పరచడానికి పెద్దగా రుచిలేని వాహకం ఒకటి కావాలి. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్, పాలు విరిచాక మిగిలే తేటను ఎండబెట్టిన వే పొడి ఇందుకు బాగా పనికొస్తాయి. తీపి తక్కువ, పైగా జున్ను పరిశ్రమలో ఉప ఉత్పత్తులు కావడంతో చవక. కేవలం ఉప్పు, వెనిగర్ రుచి అని రాసిన కొన్ని చిప్స్‌లోనూ పాలు కనిపించేది ఇందుకే. మొక్కల పిండి నుంచి చేసే మాల్టోడెక్స్‌ట్రిన్‌తోనూ ఈ పని జరుగుతుంది. ఏది వాడాలన్నది కంపెనీ ఇష్టం.

కోడి, బేకన్ రుచుల వెనక మాంసం ఉండితీరాలన్న నియమమూ లేదు. ఈస్ట్ కణాలను వాటి ఎంజైములతోనే విడగొట్టి తీసిన ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో గ్లుటామేట్లు దండిగా ఉంటాయి. మాంసపు రసం రుచిని నాలుక గుర్తించేది ప్రధానంగా వాటితోనే. పొగ వాసనకు వేరే సువాసన ద్రవ్యం చాలు. బాంబే మిక్స్ పేరుతో అమ్మే శనగపిండి మిక్స్చర్ సాధారణంగా నూనె, పప్పులు, మసాలాలతోనే తయారవుతుంది.

ధాన్యపు బార్లు, తృణధాన్యాల అల్పాహారాల్లో విటమిన్ డి కలిపారేమో చూడాలి. డీ3 ఎక్కువగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి వస్తుంది, లైకెన్ల నుంచి తీసినదీ దొరుకుతుంది. డీ2 ఈస్ట్, పుట్టగొడుగుల నుంచి వస్తుంది.

లావు అక్షరాలు ఎంతవరకు నమ్మాలి?

అలర్జీ కలిగించే 14 రకాల పదార్థాలను జాబితాలో ప్రస్ఫుటంగా చూపాలని బ్రిటిష్ చట్టం. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, ఆలిచిప్పల జాతి ఆ పద్నాలుగులో ఉన్నాయి. అందువల్ల కేసీన్, వే, లాక్టోజ్ అని ఏ పేరుతో వచ్చినా పక్కన లావు అక్షరాల్లో 'మిల్క్' అని పడుతుంది. పరుగుమీద కొనేవాళ్లకు ఇది గొప్ప వెసులుబాటు. కానీ జెలటిన్, తేనె, తేనెమైనం, లక్క, కార్మైన్ ఆ పద్నాలుగులో లేవు. అవి మామూలు అక్షరాల్లోనే దాగి ఉంటాయి. లావు అక్షరాలు మాత్రమే చదివి బుట్టలో వేసుకుంటే దొరకకుండా పోయేవి ఇవే.

జాబితా కింద 'పాలు ఉండవచ్చు' అనే హెచ్చరిక వేరే విషయం. అక్కడ పాలు వంటకంలో భాగం కావు. పాల చాక్లెట్ నడిచిన యంత్రం మీదే డార్క్ చాక్లెట్ కూడా నడిచిందని దాని అర్థం. యంత్రాన్ని కడిగేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చాక్లెట్‌కు నీళ్లు శత్రువు. కొద్ది చుక్కలు తగిలినా ముద్ద బిగుసుకుపోతుంది, తేమ మిగిలితే సాల్మొనెల్లా వంటి బాక్టీరియా చేరవచ్చు. అందుకే చాలాచోట్ల పాత చాక్లెట్‌ను కొత్త చాక్లెట్‌తోనే తోసేస్తారు. గొట్టాల్లో పాల ఆనవాళ్లు కొంత మిగులుతాయి.

ఈ ఆనవాళ్ల మాటేమిటి? జంతువులను వాడుకోవడమే వద్దనుకున్న వేగన్‌లలో చాలామంది ఈ హెచ్చరిక ఉన్నా కొంటారు. వేగన్ సొసైటీ వైఖరి కూడా దాదాపు అదే. పాల అలర్జీ ఉన్నవాళ్లకు మాత్రం అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. 2017 డిసెంబరులో బాత్ నగరంలో తీవ్రమైన పాల అలర్జీ ఉన్న ఒక మహిళ, పాలు లేవనుకున్న కొబ్బరి పెరుగు వేసిన రొట్టె తిని మరణించారు. ఆ పెరుగులో పాల ప్రోటీన్ కలిసిందని విచారణలో తేలింది. వేగన్ అనే మాటకు బ్రిటన్ ఆహార చట్టంలో నిర్వచనం లేదు, అది అలర్జీ నుంచి రక్షణ ముద్ర కాదని అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ హెచ్చరిస్తోంది. అలర్జీ ఉంటే 'మిల్క్ ఫ్రీ' హామీతో, పాలు అడుగుపెట్టని కర్మాగారాల్లో తయారైనవి వెతుక్కోవడం మేలు.

'ఫ్రీ ఫ్రమ్' వరస మొత్తం వేగన్ అనుకోవడం మరో పొరపాటు. గ్లూటెన్ లేని కేకులకు ఆకారం నిలవడానికి తరచూ గుడ్డు వేస్తారు. లాక్టోజ్ లేని చాక్లెట్‌లో పాలు ఉండవచ్చు, లాక్టోజ్‌ను ఎంజైముతో విడగొడతారు, అంతే.

మన శాకాహారం, వాళ్ల శాకాహారం

బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు ఇక్కడే ఎక్కువగా తికమకపడతారు. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉంటే పాలు ఉండవచ్చు, గుడ్డు మాత్రం ఉండదు. బ్రిటన్‌లో 'వెజిటేరియన్' అంటే పాలూ గుడ్డూ రెండూ ఉండవచ్చు. మార్ష్‌మాలో లేని కేకు, జెలటిన్ లేని బిస్కెట్ అని చూసి వెజిటేరియన్ గుర్తును నమ్మితే గుడ్డు ఎదురవుతుంది. గుడ్డు తినని మన ఇళ్లవాళ్లకు వేగన్ గుర్తే భద్రమైనది. అందులో పాలు కూడా వదులుకోవాల్సి వచ్చినా గుడ్డు, జెలటిన్, లక్క అన్నిటి బెడదా ఒక్కసారే తీరుతుంది. భారత్‌లోనూ 2022 నిబంధనలతో వేగన్ ఆహారానికి ప్రత్యేక గుర్తు వచ్చింది.

పాలు పడనివాళ్లకూ ఈ గుర్తు ఉపయోగమే. లాక్టోజ్‌ను జీర్ణం చేసే ఎంజైమ్ పెద్దయ్యాక తగ్గిపోవడం ప్రపంచంలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో కనిపించే సహజ లక్షణం. ఉత్తర ఐరోపా వాసుల్లో ఇది అరుదు, దక్షిణ భారతీయుల్లో మామూలే.

గుర్తుల్లో పాతది, బలమైనది వేగన్ సొసైటీ పొద్దుతిరుగుడు పువ్వు ముద్ర. ఈ సంస్థ 1944లో ఇంగ్లండ్‌లో పుట్టింది, ముద్ర 1990 నుంచి ఉంది. పదార్థాలను పరిశీలించాకే దాన్ని ఇస్తారు. సూపర్‌మార్కెట్లు సొంత సరుకుపై తామే 'వేగన్' అని ముద్రించుకుంటాయి. ఏ ముద్రా లేని సరుకంతా పనికిరానిదని కాదు. లోటస్ బిస్కాఫ్ బిస్కెట్ల పదార్థాల్లో జంతువులకు చెందినదేదీ లేదు. ఓరియోల పదార్థాల్లోనూ పాలు లేవు, అయినా పాలు అంటుకునే అవకాశం ఉందని కంపెనీ వాటిని వేగన్ అనదు. ఇలాంటివి అరల నిండా ఉన్నాయి, వేగన్ వరసలోని బార్ల కంటే చవగ్గా కూడా దొరుకుతాయి.

కాబట్టి దుకాణంలో చెయ్యాల్సింది మూడు పనులు. మొదట పొద్దుతిరుగుడు ముద్రో వేగన్ మాటో ఉందేమో చూడండి. లేకపోతే లావు అక్షరాల్లో పాలు, గుడ్డు వెతకండి. అవీ లేకపోతే ఆ తినుబండారం గుణం చూసి మామూలు అక్షరాల్లో వెతకండి: మెరుస్తుంటే లక్క, తేనెమైనం, సాగుతుంటే జెలటిన్, ఎర్రగా ఉంటే కార్మైన్. నిరుడు కొన్న బార్ కదా అని ఈ ఏడు చదవకుండా తీసుకోకండి. 2024లో న్యూయార్క్ మార్కెట్లో టన్ను కోకో ధర 12,000 డాలర్లు దాటింది. ముడిసరుకు ధర అలా ఎగిసినప్పుడల్లా కంపెనీలు తయారీ మారుస్తాయి, చవకైన కొవ్వులు, పాలపొడులు లోపలికి వస్తాయి. ప్యాకెట్ ముందువైపు అదే బొమ్మ ఉంటుంది, మార్పు మాత్రం వెనకవైపే నమోదవుతుంది. ప్రతిసారీ అర నిమిషం కేటాయించి వెనకవైపు చదవండి.